వేడివేడిగా తాగే చలువ



ఈ పాఠాన్ని ఒక చిక్కు ప్రశ్నతో ప్రారంభిద్దాం. మధ్యాహ్నపు ఎండ మండిపోతున్నది. బడి నుండి ఇంటికి చేరేసరికి మీ చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆ సమయంలో పొరుగింటి చైనీయ కుటుంబంవారు పొగలు కక్కుతున్న సూప్ గిన్నెను మీ ముందు ఉంచి, "తాగు, ఒంటికి చలువ చేస్తుంది" అన్నారనుకోండి. మీకు నవ్వు రావచ్చు. నాలుక కాలే సూప్ ఒంటికి చలువ ఎలా చేస్తుంది?

జవాబు కోసం దూరం పోనక్కరలేదు. ఇంటికి వెళ్లి మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. మామిడిపండ్లు అతిగా తింటే "ఒంటికి వేడి చేస్తుంది" అంటారు. మజ్జిగ తాగితే "చలువ" అంటారు. రాగి జావను గోరువెచ్చగా తాగినా దానిని చలువ పదార్థంగానే లెక్కిస్తారు. ఇక్కడ చలువ అంటే గిన్నెలోని పదార్థం చల్లగా ఉండడం కాదు. అది కడుపులోకి వెళ్లిన తరువాత శరీరంపై చూపే ప్రభావం. ఈ ఒక్క మాట అర్థమైతే, మన పొరుగువారి వంటగదిలో వేల ఏళ్లుగా నడుస్తున్న ఒక గొప్ప ఆలోచన మనకు సగం అర్థమైనట్లే. మిగిలిన సగాన్ని ఈ పాఠంలో ఒక సూప్ సాయంతో తెలుసుకొందాం. అది బూడిద గుమ్మడికాయ సూప్.

ఒకే కాయ, వేరువేరు పేర్లు

బూడిద గుమ్మడికాయను మీరు సంతలో చూసే ఉంటారు. కోలగానో, గుండ్రంగానో, మీరు ఎత్తలేనంత బరువుగా ఉంటుంది. ముదిరినకొద్దీ దాని తొక్కపై తెల్లని పొడి పేరుకొంటుంది. చేతితో రుద్దితే ఆ పొడి వేళ్లకు అంటుకొంటుంది. అది ఆ కాయ తనంతట తాను తయారుచేసుకొనే మైనపు పూత. ఆ పూత కాయలోని నీటిని ఆవిరి కానీయదు. అందువల్లనే ముదిరిన కాయ కోసిన తరువాత కూడా నెలల తరబడి చెడకుండా నిలుస్తుంది.

మన పూర్వులకు ఆ తెల్లని పొడిలో బూడిద కనిపించింది. అందుకే దానికి బూడిద గుమ్మడి అని పేరు పెట్టారు. సంస్కృతంలో దీనిని కూష్మాండం అంటారు. మలయ్ భాషలో ‘కుండూర్’ అంటారు. చైనా భాషలో దీని పేరు ‘దోంగ్ గువా’. దోంగ్ అంటే శీతాకాలం. గువా అంటే గుమ్మడి, దోస, పుచ్చ జాతి కాయ. అంటే ‘శీతాకాలపు కాయ’ అన్నమాట. కాని ఈ కాయ చైనాలో పండేది వేసవిలో! మరి ఆ పేరెందుకు? తొక్కపైని పొడి మంచు రాలినట్లు ఉంటుందని కొందరు చెబుతారు. వేసవిలో కోసి దాచిన కాయ శీతాకాలం దాకా నిలుస్తుందని మరికొందరు చెబుతారు. మనవారు బూడిదను చూసిన చోట వారు మంచును చూశారు. కాయ మాత్రం ఒక్కటే.

మన ఇళ్లలో ఈ కాయతో మజ్జిగ పులుసు పెడతారు. మినప్పిండి కలిపి, మిద్దె మీద ఎండబెట్టి వడియాలు పెడతారు. ఆయుర్వేదంలో దీనితో కూష్మాండ లేహ్యం చేస్తారు. ఆ వైద్యం కూడా దీనిని చలువ చేసే కాయగానే పేర్కొంటుంది. ఒకరినొకరు అడగకుండానే రెండు దేశాల పెద్దలు ఒకే మాట చెప్పడం ఆలోచించదగిన విషయం.

ఆహార వైద్యుడు

చైనాలో ఆహారాన్ని వైద్యంలో భాగంగా చూడడం చాలా పాత పద్ధతి. ‘జౌ లీ’ అనే ప్రాచీన గ్రంథంలో రాజాస్థానపు వైద్యులను నాలుగు విధాలుగా చెప్పారు. వ్యాధులకు ఒకరు, గాయాలకు ఒకరు, పశువులకు ఒకరు. ఈ ముగ్గురికంటె ముందు పేర్కొన్నవాడు ఆహార వైద్యుడు. ఏ ఋతువులో రాజు ఏమి తినాలో, ఏ పదార్థానికి ఏది తోడు కావాలో చూడడం అతని పని. జబ్బు వచ్చిన తరువాత చేసే వైద్యంకంటె, రాకుండా చూసుకొనే భోజనానికి వారు ఎంత విలువ ఇచ్చారో దీనిని బట్టి తెలుస్తుంది.

ఏడవ శతాబ్దంలో సున్ సిమియావ్ అనే ప్రసిద్ధ వైద్యుడు తన వైద్య గ్రంథంలో ఆహార చికిత్సకు ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించాడు. ముందుగా ఆహారంతో సరిదిద్దాలి, అది చాలనప్పుడే మందు వాడాలి అన్నది ఆయన మతం. తరువాత లీ షిజెన్ అనే వైద్యుడు ‘బెన్‌త్సావ్ గాంగ్‌మూ’ అనే మహా గ్రంథాన్ని 1578లో పూర్తి చేశాడు. అందులో 1892 పదార్థాల స్వభావాలు, రుచులు, ఉపయోగాలు ఉన్నాయి. అది 1596లో అచ్చయింది. అప్పటికి గ్రంథకర్త జీవించి లేడు. ఆ గ్రంథంలో మన వంటింట్లో ఉండే అల్లం, వెల్లుల్లి, గుమ్మడి వంటివి కూడా మందుల సరసన కనిపిస్తాయి.

నాలుగు స్వభావాలు, ఐదు రుచులు

చైనా సంప్రదాయ వైద్యం ప్రతి ఆహార పదార్థాన్నీ రెండు ప్రశ్నలు అడుగుతుంది.

మొదటి ప్రశ్న: నీ స్వభావం ఏమిటి? స్వభావాలు నాలుగు. అవి శీతం, చలువ, వెచ్చన, ఉష్ణం. ఏ వైపూ మొగ్గనివాటిని ‘సమం’ అంటారు. పుచ్చకాయ శీతం. బూడిద గుమ్మడి చలువ. అల్లం వెచ్చన. మిరియాలు ఉష్ణం. అన్నం, క్యారట్ సమం. ఈ స్వభావాన్ని ఉష్ణమాపకంతో కొలవలేం. అల్లం ముక్కను ఒక రాత్రంతా ఐస్‌పెట్టెలో ఉంచి తీసి కొరికితే ఏమవుతుంది? నాలుక మండుతుంది. ముక్క చల్లబడింది గాని దాని స్వభావం మారలేదు. సూప్ సంగతీ అంతే. గిన్నె వేడిగా ఉన్నా గుమ్మడికాయ గుణం చలువే.

రెండవ ప్రశ్న: నీ రుచి ఏమిటి? మనం ఉగాది పచ్చడిలో ఆరు రుచులు చెప్పుకొంటాం: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. చైనావారి లెక్కలో రుచులు ఐదు. వగరును వారు పులుపుతో కలిపి చూస్తారు. వీటికి తోడు ‘చప్పన’ అనే మరొక రుచిని కూడా గుర్తిస్తారు. మనకు చప్పన అంటే ఏ రుచీ లేకపోవడం. వారికి అది కూడా ఒక గుణమే. చప్పని పదార్థాలు శరీరంలో అధికంగా నిలిచిన నీటిని మూత్రం ద్వారా బయటకు పంపుతాయని ఆ వైద్యం చెబుతుంది. బూడిద గుమ్మడి రుచి తీపి, చప్పన. చైనా వైద్య గ్రంథాల ప్రకారం అది వేడిని తగ్గిస్తుంది, దాహాన్ని తీరుస్తుంది, నీటిని బయటకు నడిపిస్తుంది.

నేటి పోషకాహార శాస్త్రం ఇదే కాయను మరో విధంగా చూస్తుంది. నూరు గ్రాముల బూడిద గుమ్మడిలో సుమారు 96 గ్రాములు నీరే. దాని నుండి లభించే శక్తి సుమారు 13 కేలరీలు మాత్రమే. ‘వేడి’, ‘చలువ’ అనే స్వభావాలను కొలిచే పరికరం ఈ శాస్త్రంలో లేదు. కనుక రెండు మాటలనూ కలగాపులగం చేయకూడదు. ఎండలో చెమటోడ్చినవానికి నీరు నిండిన, తేలికగా అరిగే భోజనం హాయినిస్తుందన్నంతవరకు మాత్రం రెండు చూపులూ కలుస్తాయి.

ఋతువును బట్టి గిన్నె

మన రైతులు ఏడాదిని 27 కార్తెలుగా విభజించుకొన్నారని మీరు విని ఉంటారు. రోహిణి కార్తెలో ఎండలు మండిపోతాయి. మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేపలు తినే ఆచారం తెలుగునాట ఉంది. కాలం మారింది, భోజనమూ మారాలి అన్నది దాని భావం. చైనాలో కూడా ఇటువంటి లెక్క ఉంది. సూర్యుని గమనాన్ని బట్టి వారు ఏడాదిని 24 భాగాలుగా చేశారు. ఒక్కొక్క భాగం సుమారు 15 రోజులు. ఈ పద్ధతిని యునెస్కో 2016లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. డిసెంబరు 21 లేదా 22న మీ చైనీయ మిత్రుల ఇళ్లలో రంగురంగుల ‘తాంగ్ యువాన్’ ఉండలు తింటారు కదా! అది ‘దోంగ్ జీ’ అనే భాగపు పండుగ. ఈ దోంగ్, ‘దోంగ్ గువా’లోని దోంగ్ ఒక్కటే.

చైనా వైద్యం ఐదు కాలాలను ఐదు అవయవాలతో, ఐదు రుచులతో ముడిపెడుతుంది:

వసంతం – కాలేయం – పులుపు.
వేసవి – గుండె – చేదు.
వేసవి చివర – ప్లీహం – తీపి.
శరత్తు – ఊపిరితిత్తులు – కారం.
శీతాకాలం – మూత్రపిండాలు – ఉప్పు.

ఇక్కడ ఒక జాగ్రత్త. చైనా వైద్యంలో ‘ప్లీహం’ అంటే మీ విజ్ఞాన పాఠంలో బొమ్మ గీసిన ప్లీహం అనే అవయవం మాత్రమే కాదు. తిన్నదానిని అరిగించి, శక్తిగా మార్చి, ఒంటినిండా పంచే పని మొత్తానికీ వారు పెట్టిన పేరు అది.

వేసవి చివరి రోజులలో ఎండతోపాటు గాలిలో తేమ కూడా ఎక్కువ. అప్పుడు ఆకలి మందగిస్తుంది, కాళ్లు బరువుగా ఉంటాయి, ఒళ్లు జిడ్డుగా ఉంటుంది. బయటి తేమ లోపలి ప్లీహానికి భారమైందని చైనా వైద్యులు అంటారు. ఆ భారాన్ని దించడానికి ఆ కాలంలోనే పండే బూడిద గుమ్మడిని వండుకొంటారు. కాలం తెచ్చిన ఇబ్బందికి ఆ కాలపు పంటలోనే ఊరట వెతకడం ఈ పద్ధతికి మూలసూత్రం.

అయితే మనముండే మలేషియాలో నాలుగు ఋతువులు లేవు కదా? ఏడాది పొడవునా ఎండ, తేమ, వాన. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్, ఫూజియన్ ప్రాంతాల నుండి వలస వచ్చిన కుటుంబాలు ఈ నేలపై తమ లెక్కను కొద్దిగా సవరించుకొన్నాయి. క్యాలెండరులోని ఋతువుకంటె ఆ వారపు వాతావరణాన్ని, ఇంట్లో మనుషుల ఒంటి తీరును ఎక్కువగా గమనిస్తాయి. ఎండలు ముదిరిన వారం గుమ్మడి సూప్. ఈశాన్య ఋతుపవనం తెచ్చిన ముసురులో అల్లం మరికాస్త ఎక్కువ. దురియన్ పండ్లు మితిమీరి తిన్న మరునాడు, "హీటీ" చేసిందంటూ చలువ చేసే పానీయం. దురియన్ వెంట మంగిస్ పండు తినడం కూడా ఈ ఆలోచనతోనే.

గిన్నెలో ఎవరి పని ఏమిటి?

సూప్‌ను ఒక చిన్న కుటుంబంగా ఊహించుకోండి. అందరిదీ ఒకే స్వభావం అయితే ఇల్లు నడవదు. ఒకరు తొందరపడితే మరొకరు ఆపాలి. ఒకరు చల్లబడితే మరొకరు ఉత్సాహపరచాలి.

బూడిద గుమ్మడి: ఇంటి పెద్ద. చలువ చేసేది, నీటిని నడిపించేది. తొక్కకు నీటిని బయటకు పంపే గుణం మరింత ఎక్కువ అని చెబుతారు. అందుకే తొక్కను బాగా కడిగి దానితోనే ఉడికిస్తారు. తినేటప్పుడు తీసి పక్కన పెడతారు.

యీ మీ: కన్నీటి చుక్క ఆకారంలో ఉండే ఒక గడ్డి ధాన్యపు గింజలు. చైనీయ దుకాణాలలో తెల్లగా, మధ్యలో గాడితో కనిపిస్తాయి. వీటి రుచి కూడా తీపి, చప్పన, స్వభావం చలువ. తేమను తగ్గించి ప్లీహానికి బలమిస్తాయని చెబుతారు.

ఎర్రని ఎండు పండ్లు: వీటిని చైనీయులు ‘హోంగ్ జావ్’ అంటారు. ఇవి ఖర్జూరాలు కావు. భోగినాడు పిల్లల తలపై పోసే మన రేగుపండ్లకు దగ్గరి బంధువులు. స్వభావం వెచ్చన, రుచి తీపి.

అల్లం: వెచ్చన. గుమ్మడి, యీ మీ రెండూ చలువే కనుక కడుపు మరీ చల్లబడకుండా ఇది కాపలా కాస్తుంది. మూడు ముక్కలే అయినా, ఈ గిన్నెలో అతి ముఖ్యమైన పాఠం అల్లానిదే. చలువ కోసం వండే సూప్‌లో వెచ్చని పదార్థం ఎందుకు? ఏ మంచి గుణమైనా హద్దు దాటకూడదు కనుక.

క్యారట్, ఎండు పుట్టగొడుగులు: సమ స్వభావం. రుచికి, నిండుదనానికి.

వండే విధానం (నలుగురికి)

కావలసినవి: బూడిద గుమ్మడికాయ 600 గ్రాములు, యీ మీ 50 గ్రాములు, క్యారట్ 1, ఎండు పుట్టగొడుగులు 4, ఎర్రని ఎండు పండ్లు 4, అల్లం 3 పలుచని ముక్కలు, నీరు 2 లీటర్లు, ఉప్పు తగినంత.

యీ మీని కడిగి రెండు గంటలు నానబెట్టాలి. పుట్టగొడుగులను వేరే గిన్నెలో గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి కాడలు తీసివేయాలి. ఎండు పండ్లలోని గింజలు తీయాలి. గుమ్మడికాయ తొక్కపైని పొడి పోయేలా రుద్ది కడగాలి. లోపలి గింజలను, మెత్తని గుజ్జును తీసివేసి, పెద్ద ముక్కలుగా కోయాలి. చిన్న ముక్కలైతే ఉడికి కరిగిపోతాయి.

నీరు మరిగిన తరువాత యీ మీ, పుట్టగొడుగులు, ఎండు పండ్లు, అల్లం వేసి, సెగ తగ్గించి, మూత పెట్టి నలభై నిమిషాలు ఉడికించాలి. ఆపై గుమ్మడి, క్యారట్ ముక్కలు వేసి మరో నలభై నిమిషాలు సన్నని సెగపై ఉంచాలి. గుమ్మడి ముక్కలు గాజువలె మెరుస్తున్నప్పుడు పొయ్యి ఆపాలి. ఉప్పు చివరనే వేయాలి, కొద్దిగానే వేయాలి. పొయ్యి దగ్గరి పని, కత్తి పని పెద్దలు చేయాలి. కడగడం, లెక్కపెట్టడం, గడియారం చూడడం మీ పని.

మొదటిసారి తాగినప్పుడు మీలో చాలామంది "ఇందులో రుచి ఏది?" అంటారు. చారుకు, పులుసుకు అలవాటుపడిన నాలుక మనది. తొందరపడకుండా రెండవ గరిటె తాగండి. గుమ్మడి తీపి, పుట్టగొడుగు వాసన, చివరన గొంతులో అల్లపు వెచ్చదనం ఒకదాని వెంట ఒకటి తెలుస్తాయి.

అందరికీ ఒకే గిన్నె సరిపోదు

చైనా సంప్రదాయ వైద్యంలో "ఈ పదార్థం మంచిది" అన్న మాట అక్కడితో పూర్తికాదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్న మూడు ప్రశ్నలు దాని వెంట వస్తాయి. తరచుగా విరేచనాలు అయ్యేవారికి, ఎప్పుడూ చేతులు కాళ్లు చల్లగా ఉండేవారికి ఈ సూప్ ఎక్కువగా పెట్టరు. గర్భిణులకు యీ మీ పెట్టకూడదన్నది వారి ఆచారం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు రోజుకు ఎంత నీరు, ఎంత ఉప్పు తీసుకోవాలో డాక్టరే చెప్పాలి. వారికి ఏ సూప్ అయినా అడిగే ఇవ్వాలి.

దుకాణాలలో మూలికలు కలిపిన సూప్ పొట్లాలు కూడా అమ్ముతారు. వాటిలో ‘దాంగ్ గుయ్’ అనే వేరు తరచుగా ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వాడేవారికి ఆ వేరు ప్రమాదం తేగలదు. కాబట్టి కూరగాయల సూప్ వేరు, మూలికల సూప్ వేరు అని గుర్తుంచుకోండి. మలేషియా ప్రభుత్వం సంప్రదాయ వైద్యాల కోసం 2016లో ప్రత్యేక చట్టం చేసింది. సంప్రదాయ వైద్యుని దగ్గరకు వెళ్లేవారు నమోదైన వైద్యుని దగ్గరకే వెళ్లాలి.

మా ఇంట జరిగిన సంగతి

ఈ పాఠం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా అబ్బాయికి జ్వరం వచ్చింది. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. పొరుగింటి చైనీయ పెద్దావిడను మా పిల్లలు ‘పోపో’ అని పిలిచేవారు. వారి భాషలో అమ్మమ్మ వంటి మాట అది. జ్వరం సంగతి తెలిసి ఆమె గుమ్మడి సూప్ కాచి తెచ్చింది. మా అమ్మ కూడా "చలువ చేస్తుంది, తాగించు" అన్నది. ఇద్దరు పెద్దల మాట ఒక్కటయ్యేసరికి నాకు కొండంత ధైర్యం వచ్చింది. రెండు రోజులు డాక్టరు దగ్గరకు వెళ్లలేదు.

మూడవ రోజు ఉదయం ఒళ్లు చల్లబడింది. సూప్ పనిచేసిందని సంబరపడ్డాను. కాని వాడు మంచం దిగలేదు. కడుపునొప్పి అన్నాడు, తాగిన నీళ్లు కూడా వాంతి చేసుకొన్నాడు. ఆ సమయానికి ఖాళీ గిన్నె కోసం వచ్చిన పోపో గుమ్మంలోనే ఆగిపోయి వాడి ముఖం చూసింది. నా వైపు తిరిగి మలయ్ భాషలో గట్టిగా చెప్పింది: "సూప్ ఇంటివారి పని. ఇది ఆసుపత్రి పని. ఇప్పుడే బయలుదేరు." రక్త పరీక్షలో డెంగీ అని తేలింది. జ్వరం తగ్గిన వేళలోనే డెంగీ ప్రమాదకరంగా మారవచ్చని ఆ రోజు డాక్టరు చెబితే తెలిసింది. వాడు ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి, కోలుకొని ఇంటికి వచ్చాడు.

తప్పు సూప్‌ది కాదు, ప్రేమతో తెచ్చిన పోపోది కాదు. భోజనానికి అప్పగించవలసిన పని ఏదో, వైద్యునికి అప్పగించవలసిన పని ఏదో తెలుసుకోకుండా కూర్చున్నది నేను. ఆ సంప్రదాయం ఎరిగిన పోపోకే దాని హద్దు కూడా తెలిసింది. ‘వేడి చేయడం’ వేరు, జ్వరం వేరు. ఒంట్లో వేడి చేసిందంటే సూప్ తాగవచ్చు. జ్వరం వస్తే పరీక్ష చేయించుకోవాలి. విద్యార్థులారా! మీకు జ్వరం వచ్చి, కడుపునొప్పి, ఆగని వాంతులు, ముక్కు నుండి గాని చిగుళ్ల నుండి గాని రక్తం కనిపిస్తే దాచకుండా వెంటనే ఇంట్లో చెప్పండి. జ్వరం దిగిపోయినా సరే చెప్పండి.

మా అబ్బాయి ఇంటికి వచ్చి, ఆకలి తిరిగి పుట్టిన రోజున పోపో మళ్లీ గిన్నెతో వచ్చింది. ఈసారి అల్లం ముక్కలు ఎక్కువగా వేసింది. "జబ్బుపడి లేచిన కడుపు కదా, చలువ తక్కువ కావాలి" అన్నది. అదే కాయ, అదే గిన్నె. మనిషి స్థితి మారింది కనుక పాళ్లు మారాయి. పుస్తకాలు చదివి తెలుసుకొన్నదానికంటె ఆ మూడు నాలుగు అల్లం ముక్కలు నాకు ఎక్కువ నేర్పాయి.

ముగింపు

మన పూర్వులు పలువురు విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి తోటల పనికి ఓడలలో ఈ దేశానికి వచ్చారు. చైనీయుల పూర్వులు తగరపు గనుల పనికి మరో తీరం నుండి వచ్చారు. ఎవరి భాష వారిది, ఎవరి దేవుడు వారికి. అయినా ‘వేడి’, ‘చలువ’ అనే రెండు మాటలు ఇద్దరి మూటలలోనూ ఉన్నాయి. మలయ్‌వారి ఇళ్లలో కూడా ‘పానస్’, ‘సెజుక్’ అని పదార్థాలను ఇలాగే విభజిస్తారు. మీ తెలుగు తరగతిలో నేర్చుకొన్న ‘చలువ’ అనే చిన్న మాట, పక్కింటి వంటగది తలుపు తెరిచే తాళంచెవి అని గ్రహించండి. ఆ మాటను పోగొట్టుకోకండి.

కఠిన పదాలకు అర్థాలు

స్వభావం – సహజ గుణం
ప్లీహం – కడుపుకు ఎడమ వైపున ఉండే ఒక అవయవం
ఉష్ణమాపకం – వేడిని కొలిచే పరికరం
ముసురు – ఎడతెగక కురిసే సన్నని వాన
కలగాపులగం – క్రమం లేకుండా కలిపివేయడం
పాళ్లు – భాగాలు, కొలతలు

ఆలోచించి జవాబులు రాయండి

1. వేడిగా ఉన్న సూప్‌ను చలువ చేసే పదార్థం అని ఎందుకు అంటారు? అల్లం ఉదాహరణతో వివరించండి.
2. బూడిద గుమ్మడికి తెలుగులోను, చైనా భాషలోను ఆ పేర్లు ఎలా వచ్చాయి?
3. చలువ కోసం వండే సూప్‌లో అల్లం, ఎర్రని ఎండు పండ్లు ఎందుకు వేస్తారు?
4. మన కార్తెలకు, చైనావారి 24 భాగాలకు పోలిక ఏమిటి?
5. జ్వరం తగ్గినప్పటికీ పోపో ఆసుపత్రికి వెళ్లమని ఎందుకు చెప్పింది?

ఇంటి పని

మీ ఇంట్లోని పెద్దలను అడిగి, వేడి చేసే పదార్థాలు ఐదు, చలువ చేసే పదార్థాలు ఐదు రాయండి. అదే ప్రశ్నను ఒక చైనీయ మిత్రుని, ఒక మలయ్ మిత్రుని కూడా అడగండి. మూడు జాబితాలను పక్కపక్కన రాసి, కలిసిన పేర్ల కింద గీత గీయండి. కలవని పేర్లు కనిపిస్తే కొట్టివేయకండి. అవి ఎందుకు కలవలేదో వచ్చే తరగతిలో మాట్లాడుకొందాం.